కాపాడాల్సింది చక్కెరనా, మనుషులనా?

ప్రపంచంలో అందరికంటే ఎక్కువ చక్కెర వాడే దేశం మనది. పండించడంలో బ్రెజిల్ తర్వాతి స్థానమూ మనదే. దేశంలో 10 కోట్లమందికి పైగా మధుమేహంతో ఉన్నారని, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారని ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో తేల్చింది. మరి చక్కెర పరిశ్రమకు దేశం ఇస్తున్న రక్షణ కొనసాగాలా, ఎత్తెయ్యాలా? చోడవరం వైపు చెరకు పండించే రైతు, సహకార చక్కెర ఫ్యాక్టరీ సభ్యుడు ఒక పక్క. విశాఖపట్నంలో మధుమేహానికి వైద్యం చేసే ఆయన మేనకోడలు మరో పక్క నిలబడి వాదించుకుంటే ఆ వాదన ఇలా సాగుతుంది.

డాక్టర్: మామయ్యా, సూటిగానే అడుగుతాను. బయటి చక్కెర మీద నూరు శాతం దిగుమతి సుంకం. చెరకుకు ప్రభుత్వం కట్టిన ధర. ఫ్యాక్టరీ గేటు దగ్గర చక్కెరకు కనీస ధర. మిగులు పడితే ఎగుమతికి సాయం, ఇథనాల్ ప్లాంటుకు వడ్డీ రాయితీ. ఇంత కాపుదల ఇంకే పంటకుంది? కందికి ఉందా, పెసరకు ఉందా? పప్పులేమో ఏటా దిగుమతి చేసుకుంటున్నాం, చక్కెరేమో మిగిలిపోతోంది. జనం ఎక్కువ తినాల్సింది చాలడం లేదు, తగ్గించాల్సింది గోదాముల్లో పేరుకుపోతోంది. ఇది ఎవరి మేలు కోసం?

రైతు: కందులు బస్తాలకెత్తి ఆరు నెలలు ఇంట్లో పెట్టుకోవచ్చు అమ్మాయ్. చెరకు అలా కాదు. నరికిన మర్నాటికల్లా గానుగ పడాలి. ఆలస్యమైతే బరువు తగ్గుతుంది, రసంలో తీపి పడిపోతుంది. మొక్కతోటైతే ఏడాదంతా పొలాన్ని పట్టుకునుంటుంది. చుట్టుపక్కల ఉండేది ఒకే ఫ్యాక్టరీ. వాళ్ళు కటింగ్ ఆర్డరు ఇస్తేనే కత్తి వెయ్యాలి. ఇలాంటి పంట చేతిలో పెట్టుకుని ధర కోసం ఎవరితో బేరమాడను? అందుకే 1966లో చెరకు నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. సరుకు తోలిన 14 రోజుల్లో డబ్బివ్వాలి, దాటితే 15 శాతం వడ్డీ కట్టాలని అందులో ఉంది. దాన్ని దయ అనుకోకు. బేరమాడే శక్తి లేనివాడికి చట్టం ఇచ్చిన ఆసరా అది.

డాక్టర్: ఆ ఉత్తర్వు జోలికి నేను రాను. రైతుకూ మిల్లుకూ మధ్య న్యాయం చెయ్యడం వేరు, దేశం చుట్టూ సుంకం గోడ కట్టడం వేరు. మొదటిది ఉండాలి. రెండోదాని గురించే నా ప్రశ్న. 2019లో బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాలా మన మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేశాయి. 2014-15 నుంచి 2018-19 దాకా ఐదు సీజన్లలోనూ చెరకుకు మనమిచ్చిన మద్దతు 10 శాతం పరిమితి దాటిందనీ, ఎగుమతి సాయం నిబంధనలకు విరుద్ధమనీ 2021 డిసెంబరులో ప్యానెల్ తీర్పు చెప్పింది. మనం అప్పీలుకు వెళ్ళాం. ఆ అప్పీలు వినాల్సిన సంఘం 2019 నుంచే పనిచెయ్యడం లేదు. అంటే కేసు గెలవలేదు, తీర్పును అమలు కాకుండా ఆపుకున్నాం, అంతే.

రైతు: ఆ 10 శాతం ఎలా లెక్కగట్టారో కూడా చెప్పు. ఈనాటి చెరకు ధరను 1986-88 నాటి ప్రపంచ ధరతో పోల్చారు. ముప్పై ఏళ్ళలో డీజిలు పెరిగింది, ఎరువు పెరిగింది, నరికే కూలి పెరిగింది. ఆ పెరుగుదలంతా వాళ్ళ లెక్కలో సబ్సిడీ అయిపోయింది. పైగా ఆ ధర ఇచ్చేది మిల్లు, సర్కారు కాదు. కేసు వేసిన బ్రెజిల్ సంగతేమిటి? 1933లో చక్కెర, ఆల్కహాల్ కోసం ప్రభుత్వ సంస్థ పెట్టుకుంది. 1975లో ప్రోఆల్కూల్ పథకంతో చెరకును పెట్రోలు బంకు దాకా తీసుకెళ్ళింది. ఆ సంస్థను రద్దు చేసింది 1990లో. ఎదిగినంత కాలం సర్కారు అండ వాళ్ళకు హక్కు, మనం ఆ దారి పడితే నేరం!

ఐరోపాలో బీటు చక్కెర నిలదొక్కుకున్నదే రక్షణతో. నెపోలియన్ కాలంలో సముద్రం మీది సరుకు ఆగిపోతే బీటు మిల్లులు లేచాయి. తర్వాత ప్రోత్సాహక సొమ్ము ఇచ్చి ఆ చక్కెరను మన రేవుల్లో గుమ్మరించారు. అది తట్టుకోలేక 1899లో కర్జన్ ప్రభుత్వమే దాని మీద అదనపు సుంకం వేసింది. 1932లో చక్కెర పరిశ్రమ రక్షణ చట్టం వచ్చాక ఐదారేళ్ళలో దేశంలో మిల్లులు 30 చిల్లర నుంచి 130 దాటాయి. మన ఏటికొప్పాక సహకార ఫ్యాక్టరీ 1933 నాటిది. నిజాం బోధన్‌లో కట్టించింది కూడా ఆ దశకంలోనే. రక్షణ లేకపోతే ఇవేవీ లేవు.

డాక్టర్: 1932లో రక్షణ న్యాయమే. కాదనను. కానీ మీరు చెప్పిన ఆ రెండు ఫ్యాక్టరీలూ ఇవాళ ఎక్కడున్నాయి? బోధన్ 2015లో మూతపడింది. తుమ్మపాల, తాండవ, ఏటికొప్పాక ఒకదాని తర్వాత ఒకటి క్రషింగ్ ఆపేశాయి. అవి ఆగిపోయిన నాడు దిగుమతి సుంకం లేదా? ఉంది. 2018లో 50 నుంచి 100 శాతానికి పెంచారు కూడా. గోడ ఎత్తు పెరుగుతుంటే లోపల మీ ఫ్యాక్టరీలు కూలిపోతున్నాయి. బ్రెజిల్ చక్కెర వచ్చి వాటిని ముంచలేదు.

రైతు: ఆ మాట గుచ్చుకుంటుంది, కానీ అబద్ధం కాదు. లెక్క చెబుతాను, నువ్వే చూడు. 2025-26 సీజనుకు క్వింటాలు చెరకు 355 రూపాయలు. అది 10.25 శాతం రికవరీ ఉంటే. రికవరీ 9.5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే 329 చిల్లర. అంటే టన్నుకు 3,290. టన్నుకు 9.5 శాతం చొప్పున 95 కిలోల చక్కెర దిగుతుంది. ఆ చక్కెరకు 2019 ఫిబ్రవరిలో కట్టిన కనీస ధర కిలో 31 రూపాయలు. ఆ ధరకే అమ్ముడైతే 2,945. చెరకు డబ్బులకే చాలదు, జీతాలూ గోతాలూ తర్వాతి మాట. చెరకు ధర దాదాపు ఏటా పెంచారు, చక్కెర కనీస ధరను ఏళ్ళ తరబడి కదపలేదు. డిస్టిలరీ ఉన్న పెద్ద మిల్లు మొలాసిస్‌తో, కరెంటు అమ్మకంతో గట్టెక్కుతుంది. పాత యంత్రాలతో ఈడ్చుకొచ్చే సహకార ఫ్యాక్టరీకి ఆ దారి లేదు. అది మాకు బకాయి పెడుతుంది. మేం నరికిన మోళ్ళ నుంచి మళ్ళీ ఎదిగే కార్శి తోట తీసేసి సరుగుడు వేస్తాం. చెరకు చాలక ఫ్యాక్టరీ ఇంకా నష్టపోతుంది. జరిగింది ఇదే.

డాక్టర్: మరి ఇంతకాలం మనం కాపాడినది ఎవరిని? చక్కెర బస్తాను కాపాడాం. దాని వెనకున్న మనిషిని కాదు.

రైతు: అలాగని రేవు తలుపులు తెరిస్తే మనిషి బతుకుతాడా? ఫిలిప్పీన్స్‌లో నెగ్రోస్ దీవి సంగతి తెలుసుకదా. ఊరూరా చెరకే. 1974లో ప్రపంచ మార్కెట్లో పౌండు చక్కెర 60 సెంట్లు దాటింది. 1985లో 3 సెంట్ల కిందికి పడింది. తోటల యజమానులు సాగు ఆపేశారు, కూలీల పిల్లలు తిండిలేక ఎముకల గూళ్ళయ్యారు. పదకొండేళ్ళలో ఇరవయ్యో వంతుకు పడిపోయే ధరను నమ్ముకుని నేను మూడేళ్ళ తోట వెయ్యాలా? సెయింట్ కిట్స్ దీవి చూడు. మూడు వందల ఏళ్ళకు పైగా చెరకు మీదే బతికి 2005లో ఆ పరిశ్రమనే మూసుకుంది.

డాక్టర్: నెగ్రోస్ ఆకలి నా వాదనకూ సాక్ష్యమే మామయ్యా. ప్రపంచ ధర అంత లోతుకు ఎందుకు పడింది? ఐరోపా తన రైతుకు ఎక్కువ ధర ఇచ్చి, మిగిలిన చక్కెరను సబ్సిడీతో బయటికి తోసింది. అమెరికా 1982లో మళ్ళీ దిగుమతి కోటాలు పెట్టి ఏటా బిగిస్తూ పోయింది. పెద్ద దేశాలన్నీ తలుపులు మూసుకుంటే మిగిలిన ఇరుకు సందులో ధర కుప్పకూలింది. ధనిక దేశపు రక్షణ ఖరీదును నెగ్రోస్ కూలీ కట్టాడు. మనం ఎగుమతికి సాయమిచ్చి లక్షల టన్నులు బయటికి తోసిన ఏళ్ళలో ఇంకో దేశపు చెరకు కూలీకి అదే పని చేశామేమో ఆలోచించండి. తర్వాత 2023-24లో ఎగుమతే ఆపేశాం. ఒక ఏడు వరద, ఒక ఏడు కరువు.

రైతు: ఎగుమతి సబ్సిడీని నేనూ గట్టిగా సమర్థించను. దాని సొమ్ము మా బకాయిలు తీర్చడానికే అన్నారు, మా వైపు రేవు దాకా పోయిన చక్కెరా తక్కువే. సరే, వ్యాపారం సంగతి పక్కన పెట్టు. నువ్వు డాక్టరువి. అన్ని రోగాలకూ చెరకునే దోషిని చేస్తున్నారు మీరు. జనం నడక మానేశారు, మూడు పూటలా తెల్లన్నం, నూనె. ఆ తప్పంతా నా పొలం మీద వేస్తే ఎలా?

డాక్టర్: అంతా చక్కెర వల్లే అని నేననను. పాలిష్ బియ్యం, కదలని ఉద్యోగం, వంశం, అన్నీ ఉన్నాయి. కానీ లెక్క చూడండి. మన దేశం ఏటా వాడేది సుమారు 280 లక్షల టన్నులు. 140 కోట్ల మందికి పంచితే తలకు 20 కిలోలు, రోజుకు 55 గ్రాములు. కలిపిన చక్కెర రోజుకు 25 గ్రాములు దాటొద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అన్నదీ దాదాపు అదే: తిండిలోంచి వచ్చే శక్తిలో చక్కెర వాటా 10 శాతం లోపు ఉండాలి, 5 శాతానికి తగ్గితే ఇంకా మేలు. అనకాపల్లి బెల్లం కూడా ఆ లెక్కలోకే వస్తుంది మామయ్యా. ఒంట్లోకి వెళ్ళాక అదీ చక్కెరే.

పైగా ఈ 55 గ్రాముల్లో సగానికి పైగా ఇంటి టీలో, పాయసంలో పడేది కాదు. శీతల పానీయాలు, బిస్కెట్లు, మిఠాయిలు తయారుచేసేవాళ్ళు కొనేది. తినేవాడికి తాను ఎంత తింటున్నాడో తెలియదు. నా దగ్గరికొచ్చే ముప్పై ఏళ్ళ కుర్రాళ్ళు చాలామంది చక్కెర మానేశామనే అంటారు. టీలో మానేశారు, సీసాలో తాగుతున్నారు.

రైతు: అలాగైతే నీ మాటలోనే చిక్కుంది చూడు. సుంకం ఎత్తేస్తే చక్కెర చవకవుతుంది. చవకైతే జనం ఇంకా తింటారు. ఇంగ్లండులో ఏం జరిగింది? 1846లో అన్ని దేశాల చక్కెరకూ ఒకే సుంకమన్నారు. బానిసలతో పండించిన క్యూబా, బ్రెజిల్ చక్కెర కూడా ఆ దారినే వచ్చిపడింది. 1874లో సుంకమే తీసేశారు. ఆ శతాబ్దం చివరికి ఇంగ్లండులో మనిషి ఏడాదికి 35 కిలోలకు పైగా తింటున్నాడు. ఇవాళ మనం తినేది 20 కిలోలే కదా. స్వేచ్ఛా వ్యాపారం మీ వైద్యానికి పనికొచ్చే మందు కాదు తల్లీ. ఆ లెక్కన నా సుంకమే నీ రోగిని కాపాడుతోంది.

డాక్టర్: మీ సగం మాట నిజం. స్వేచ్ఛా వ్యాపారం మందు కాదు. నేనూ ఒప్పుకుంటాను. కానీ సుంకమూ మందు కాదు. అమెరికాలో చక్కెర ధర చాలా ఏళ్ళుగా ప్రపంచ ధరకు దాదాపు రెట్టింపు. దానివల్ల అక్కడ తీపి తగ్గిందా? పానీయాల కంపెనీలు 1980లలో మొక్కజొన్న సిరప్‌కు మారాయి. తీపి అలాగే ఉంది, ఊబకాయం పెరిగింది. రేవులో వేసిన సుంకం చక్కెర ఎక్కణ్ణుంచి రావాలో నిర్ణయిస్తుంది. ఎంత తినాలో నిర్ణయించదు.

దీనికంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. రక్షణలో పెరిగిన పరిశ్రమకు రాజకీయ బలం వస్తుంది, ఆ బలంతో అది డాక్టర్ల నోరు మూయించాలని చూస్తుంది. 1967లో హార్వర్డ్ శాస్త్రవేత్తలకు డబ్బిచ్చి, గుండెజబ్బు నింద కొవ్వు మీదికి పోయేలా చక్కెర పరిశ్రమ సంస్థ షుగర్ రీసెర్చ్ ఫౌండేషన్ సమీక్ష రాయించుకుంది. ఆ పాత ఉత్తరాలు 2016లో గానీ బయటపడలేదు. 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ 10 శాతం మాట అన్నప్పుడు, అమెరికాలోని షుగర్ అసోసియేషన్ ఆ సంస్థ అధిపతికే లేఖ రాసింది. నివేదిక వెనక్కి తీసుకోకపోతే అమెరికా ఇచ్చే నిధులు ఆపించడానికి ప్రయత్నిస్తామని బెదిరించింది. రైతు పేరు చెప్పి కట్టిన గోడ చివరికి ఇందుకు పనికొచ్చింది.

రైతు: అలాంటి ఉత్తరాలు రాసేవాళ్ళు చెరకు నరికేవాళ్ళు కారు.

డాక్టర్: కారు. నా బాధా అదే. నరికినవాళ్ళ గతి చూడాలంటే మారిషస్ వెళ్ళాలి. 1834 నుంచి అక్కడి చెరకు తోటలకు కూలీలను ఓడల్లో తీసుకెళ్ళారు. కోరంగి రేవు నుంచి, మన ఉత్తరాంధ్ర ఊళ్ళ నుంచి పోయినవాళ్ళున్నారు. 1975 నుంచి ఐరోపా ఒప్పందం కింద ఇచ్చిన కోటా ధరతో ఆ తోటలు బతికాయి. బ్రెజిల్, ఆస్ట్రేలియా, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థలో వేసిన కేసులో ఐరోపా 2005లో ఓడింది. మరుసటేడే చక్కెర ధరను అంచెలంచెలుగా 36 శాతం తగ్గించే సంస్కరణ తెచ్చింది, 2009కల్లా ఆ పాత ఒప్పందమే ముగిసింది. వ్యాపారం అలా దెబ్బతింది. ఆరోగ్యం సంగతి చూస్తే, ఇవాళ మారిషస్ పెద్దల్లో ఐదుగురిలో దాదాపు ఒకరికి షుగరు. చెరకు నాటిన చేతుల మనవలే అక్కడ ఇన్సులిన్ వేసుకుంటున్నారు. అయినా ఆ దేశం ఏం చేసింది? చక్కెర తన ముఖ్యమైన ఎగుమతి అయినా, 2013లో తీపి పానీయాల మీద గ్రాముల లెక్కన పన్ను వేసింది. చెరకు పండించే దేశం తన జనాన్ని కాపాడుకోకూడదని ఎక్కడా లేదు.

రైతు: పన్నంటే నాకు భయమే. దక్షిణాఫ్రికాలో 2018లో అలాంటి పన్నే వేస్తే, గిరాకీ పడిపోయి తమ పొట్ట కొట్టారని అక్కడి చెరకు రైతులు మొత్తుకున్నారు. పానీయంలో చక్కెర తగ్గితే మిల్లులో బస్తా మిగులుతుంది. బస్తా మిగిలితే నా బిల్లు ఆగుతుంది. పన్ను కంపెనీ మీద వేశామంటారు, చివరికి చేరేది మా గట్టు మీదికే.

డాక్టర్: మీ భయం ఉత్తదని అనను. అందుకే పన్ను సొమ్ము ఎక్కడికి పోవాలో ముందే రాసుకోవాలి. మీ లెక్కనే తీసుకుందాం. 95 కిలోల చక్కెరకు మీకు 3,290 వస్తే, కిలోకు సుమారు 34 రూపాయల 60 పైసలు. 300 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో దాదాపు 32 గ్రాముల చక్కెర ఉంటుంది. ఆ డబ్బా 40 రూపాయలు. అందులో చెరకు రైతు వాటా రూపాయి పది పైసలు. రోజు మొత్తానికి సరిపడే చక్కెర కంటే ఎక్కువ ఆ ఒక్క డబ్బాలో ఉంది, మీకు చేరింది మాత్రం రూపాయి పది పైసలు. చక్కెర గ్రాములను బట్టి ఆ డబ్బా మీద పన్ను వేసి, ఆ సొమ్మును చెరకు రైతుల నిధిగా కట్టేస్తే, ఆ డబ్బాలోని చక్కెరకు మీకొచ్చిన దానికంటే ఎక్కువే తిరిగి రావచ్చు.

మన దగ్గర పన్ను లేక కాదు. శీతల పానీయాలకు జీఎస్టీ 40 శాతం. కానీ చక్కెర లేని దానికీ అంతే, నిండా ఉన్నదానికీ అంతే. అలాంటప్పుడు కంపెనీ చక్కెర ఎందుకు తగ్గిస్తుంది? బ్రిటన్‌లో 100 మిల్లీలీటర్లకు 5 గ్రాములు, 8 గ్రాములు అని రెండు మెట్లు పెట్టారు. 2018లో పన్ను అమల్లోకి రాకముందే చాలా కంపెనీలు చక్కెర తగ్గించుకున్నాయి. మనమేమో 2025 సెప్టెంబరులో చాక్లెట్లు, బిస్కెట్లు, ఐస్‌క్రీముల మీద పన్నును 5 శాతానికి దించాం.

రైతు: మాకొస్తున్న రూపాయి పది పైసల సంగతి ఎవరూ ఇంతవరకు చెప్పలేదు. సరే, నా దారి కూడా విను. తినే చక్కెర తగ్గాలంటావు, బాగుంది. ఆ చెరకును ఇథనాల్‌కు పంపితే? పెట్రోలులో 20 శాతం కలపడం 2025కల్లా వచ్చేసింది. బండిలో పోసిన ఇథనాల్ ఎవరి ఒంట్లోకీ పోదు. రైతుకు కొనేవాడుంటాడు, నీ రోగికి చక్కెర తగ్గుతుంది.

డాక్టర్: కొంతవరకు సరే. కానీ దాన్ని నమ్మి తోట వెయ్యగలరా? 2023 డిసెంబరులో చక్కెర తగ్గుతుందేమోనని చెరకు రసంతో ఇథనాల్ వద్దని ఉత్తర్వు వచ్చింది. 2024 ఆగస్టులో మళ్ళీ తలుపు తెరిచారు. చెరకుకు ఏడాదికి 1,500 నుంచి 2,500 మిల్లీమీటర్ల నీళ్ళు కావాలి. వాన తక్కువున్న చోట బోరు నీటితో పండించిన చెరకును ఇంజన్లో కాల్చడం ఏ లెక్కన చూసినా నష్టమే. నీళ్ళున్న చోట చెరకు ఉండనివ్వండి. లేని చోట రైతును వేరే పంటకు తీసుకెళ్ళే డబ్బు ప్రభుత్వం పెట్టాలి.

రైతు: వేరే పంట! ఇక్కడే మీరంతా ఆగిపోతారు. కంది వెయ్యమంటారు, మద్దతు ధర ప్రకటిస్తారు, కొనే కేంద్రం మాత్రం పంట దళారి చేతికి వెళ్ళాక తెరుస్తారు. చెరకుకు ఎంత కష్టమున్నా, కొంటామని రాసిచ్చేవాడు ఒకడుంటాడు. రైతు చెరకును పట్టుకు వేలాడేది అందుకే. చెరకు తగ్గించాలంటే వరస మార్చాలి. ముందు పప్పు కొనే ఏర్పాటు, తర్వాతే చెరకు తగ్గించే మాట. అంత్యోదయ కార్డుకు నెలకు కిలో చక్కెరకని కేంద్రం 18 రూపాయల 50 పైసలు సబ్సిడీ ఇస్తూ వచ్చింది. దాన్నే పప్పుకు మళ్ళించి, ఆ పప్పు మా దగ్గరే కొంటే తినేవాడికీ మేలు, పండించేవాడికీ మేలు.

డాక్టర్: నేను అడగబోయింది అదే, మీరే అన్నారు. ఇప్పుడు మనం ఎక్కడ కలిశామో చూద్దాం. 14 రోజుల్లో చెరకు డబ్బు ఇవ్వాలన్న నియమం కచ్చితంగా అమలు కావాలి. ఎగుమతికి సబ్సిడీ వద్దు. పానీయాల మీద పన్ను గ్రాముల లెక్కన వెయ్యాలి, ఆ సొమ్ము చెరకు రైతుకూ పంట మార్పుకూ పోవాలి. రేషన్లో చక్కెర స్థానంలో పప్పు రావాలి, ఆ పప్పు కొనుగోలు పంట చేతికొచ్చే నాటికే మొదలవ్వాలి. సుంకం సంగతి వచ్చేసరికి నేనంటాను, దాన్ని ఏడాదికి కొంత చొప్పున దించుతూ రావాలి. అది ఉన్నంతకాలం మిల్లులు మారవు, ప్రభుత్వం రైతు కోసం ఏదో చేస్తున్నానని చెప్పుకుంటూనే ఉంటుంది.

రైతు: మిగతా వాటికి సంతకం పెడతాను. సుంకం దగ్గర మాత్రం పెట్టను. 3 సెంట్లకు పడి 60 సెంట్లకు లేచే ధర ముందు నన్ను ఒంటరిగా నిలబెట్టొద్దు. ప్రపంచ మార్కెట్లో ఎవరి ఖర్చు ఎంతో, ఎవరి సబ్సిడీ ఎంతో నిజమైన లెక్క తేలేదాకా, పప్పు కొనుగోలు కేంద్రం మా ఊళ్ళో మూడు సీజన్లు వరసగా సమయానికి తెరుచుకునేదాకా ఆ సుంకం ఉండాలి. ఆ రెండూ జరిగిన రోజున దించమని నేనే అడుగుతాను. ఈలోగా ఒక పని ఇద్దరం చెయ్యొచ్చు. చక్కెర పేరుతో సర్కారు పెట్టే ప్రతి రూపాయికీ రెండు లెక్కలు అడుగుదాం. చెరకు నరికిన ఇంటికి అందులో ఎంత చేరింది? తినేవాడి ఒంట్లోకి ఎంత చక్కెర పోయింది? ఈ రెండూ చూపించలేని రక్షణను రైతు పేరు మీద అడిగే హక్కు మిల్లుకూ లేదు, పార్టీకీ లేదు. ఆ మాట మీ ఆస్పత్రిలో నువ్వు చెప్పు, మా ఫ్యాక్టరీ మహాసభలో నేను చెబుతాను.